ఆలిమ్ మాట, నాయకుని నినాదం

కొద్ది రోజుల క్రితం ఒక తండ్రి తొమ్మిదో తరగతి చదివే తన కుమారుణ్ణి వెంటబెట్టుకుని అస్ర్ నమాజు తర్వాత మా వద్దకు వచ్చారు. బడిలో తోటి పిల్లలు ఆ అబ్బాయిని ఒక ప్రశ్న అడిగారట. "నువ్వు ముందు ముస్లింవా, ముందు భారతీయుడివా?" ఆ పిల్లవాడు ఏమీ చెప్పలేక నిలబడిపోయాడు. అతని మౌనాన్నే వారు జవాబుగా తీసుకుని నవ్వుకున్నారు. "హజ్రత్, వీడికి ఏం చెప్పమంటారు? నిజం చెప్పాలంటే నాకూ తెలియడం లేదు" అన్నారు ఆ తండ్రి.

ఈ ప్రశ్న ఆ పిల్లలు తమంతట తాము పుట్టించింది కాదు. వారి తల్లిదండ్రులదీ కాదు. దీనికి ఎనభై ఏళ్లకు పైగా వయసుంది. ఇది బజారులో పుట్టలేదు. అసెంబ్లీలో పుట్టలేదు. చదువుకున్నవారి చర్చల్లో, కవిత్వంలో, పత్రికల పుటల్లో రూపుదిద్దుకుంది. అక్కడి నుంచి నాయకుల నోళ్లలోకి, నాయకుల నుంచి ఓటు పెట్టెల్లోకి, ఓటు పెట్టెల నుంచి సరిహద్దు రేఖల్లోకి, చివరికి మన పిల్లల బడి గదిలోకి వచ్చి చేరింది.

రాజకీయాలను నడిపేది మంత్రులు, శాసనసభ్యులు, పార్టీలవారే అని మనం అనుకుంటాం. పదవుల పంపకం వరకు అది నిజం. కానీ పాలకుడు ఏ మాటలతో ఆలోచిస్తాడో, ప్రజలు ఏ మాటలతో కోపగించుకుంటారో, ఏ మాటలతో ఆశపడతారో ఆ మాటలను తయారు చేసేవారు వేరే ఉంటారు. వారే కవులు, ఉలమా, ఆచార్యులు, పత్రికా రచయితలు. వారు ఈ రోజు రాసింది పదేళ్ల తర్వాత నినాదం అవుతుంది. అప్పటికి దాన్ని రాసినవారు బతికి ఉండకపోవచ్చు. బతికి ఉన్నా, ఆ నినాదం తమదేనని గుర్తుపట్టలేకపోవచ్చు.

ఈ సంగతి ఎరిగిన పెద్దలు మాటను ఆచితూచి వాడారు. 1857 తిరుగుబాటు తర్వాత సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ ఆ తిరుగుబాటుకు కారణాలను వివరిస్తూ ఉర్దూలో ఒక చిన్న పుస్తకం రాశారు. పాలకుల తప్పులను పాలకులకే చెప్పే పుస్తకం అది. శాసనాలు చేసే సభలో ఈ దేశస్థుడు ఒక్కడూ లేకపోవడం వల్ల ప్రజల మనసులో ఏముందో ప్రభుత్వానికి తెలియలేదని ఆయన వాదించారు. ఉరికంబాలు ఇంకా నిలిచి ఉన్న రోజులవి. 1859లో సుమారు 500 ప్రతులు అచ్చు వేయించి, వాటిని బజారులో అమ్మకుండా దాదాపు అన్నింటినీ ఇంగ్లండుకు పంపించారు. ఎవరు చదివితే మేలు జరుగుతుందో వారి చేతికే అందించారు. 1861లో వచ్చిన చట్టం ద్వారా వైస్రాయి శాసనసభలో భారతీయులకు తొలిసారిగా చోటు దొరికింది. దానికి ఆ పుస్తకం ఒక్కటే కారణమని చెప్పలేం. కానీ నిప్పులాంటి మాటను పొయ్యిలో పెట్టాలా, గడ్డివాములో వేయాలా అన్న విచక్షణ సర్ సయ్యద్‌కు ఉండింది.

అందరికీ, అన్ని వేళలా అలాంటి అవకాశం ఉండదు. పత్రికలు వచ్చాక ఆలిమ్ మాట అతని చేతిలో ఉండదు. అందుకు 1938లో జరిగిన సంఘటనను మించిన ఉదాహరణ మన చరిత్రలో కనబడదు.

మౌలానా హుసేన్ అహ్మద్ మదనీ (రహ్) దారుల్ ఉలూమ్ దేవ్‌బంద్‌లో ప్రధానాచార్యులు. మదీనాలో మస్జిదె నబవీలో హదీసు బోధించినవారు. తన గురువు షేఖుల్ హింద్ మౌలానా మహ్మూద్ హసన్‌తో కలిసి మాల్టా ద్వీపంలో బ్రిటిష్‌వారి ఖైదులో గడిపినవారు. ఆయన 1938 జనవరిలో ఢిల్లీలో ఒక సభలో ప్రసంగిస్తూ, ఈ కాలంలో జాతులు దేశాలను బట్టి ఏర్పడుతున్నాయన్న భావం వచ్చేలా ఒక మాట అన్నారు. ఆయన వాడిన పదం 'ఖౌమ్'. కొన్ని పత్రికలు మాత్రం ఆయన 'మిల్లత్' అన్నట్లు ప్రచురించాయి. ఉర్దూ తెలిసినవారికి ఈ తేడా ఎంతటిదో చెప్పనక్కరలేదు. ఖౌమ్ అంటే జనసమూహం, జాతి. మిల్లత్ అంటే ధర్మం, ఆ ధర్మాన్ని అనుసరించే సముదాయం. జాతి దేశాన్ని బట్టి ఏర్పడుతుందనడం వేరు, ధర్మం దేశాన్ని బట్టి ఏర్పడుతుందనడం వేరు.

ఆ వార్త లాహోరులో మంచం పట్టి ఉన్న అల్లామా ఇఖ్బాల్‌కు చేరింది. ఆయన ఆవేదన చెందారు. ఆ ఆవేదనకు కారణం లేకపోలేదు. యౌవనంలో, 1904లో, హిందూస్థాన్‌ను కీర్తిస్తూ తరానా రాసిన కవి ఆయనే. తర్వాత యూరపులో మూడేళ్లు చదువుకుని, అక్కడ జాతులు ఒకదాని మీద ఒకటి కత్తులు నూరడం చూసి వచ్చారు. నేల మీది ప్రేమ ఆరాధనగా మారితే ధర్మం ఇంటి మూలకు పరిమితమవుతుందని, మనుషులు సరిహద్దుల కోసం ఒకరినొకరు చంపుకుంటారని ఆయన భయపడ్డారు. 1910 నాటికి ఆయన తరానా మిల్లత్ గురించిన తరానా అయింది. కాబట్టి దేవ్‌బంద్ పెద్ద నోటి నుంచి అలాంటి మాట వచ్చిందని తెలియగానే ఆయన ఫార్సీలో మూడు ద్విపదల కవిత ఒకటి చెప్పారు. మౌలానా పేరు పెట్టి చేసిన విమర్శ అది. వడగళ్లలా పడింది. ఊరూరా పాకింది. మార్చి 9న 'ఎహ్సాన్' పత్రికలో ఇఖ్బాల్ తన వాదాన్ని వచనంలో కూడా వివరించారు.

ఇద్దరినీ గౌరవించే తాలూత్ అనే సాహితీపరుడు ఒకాయన మధ్యలో ఉత్తరాలు నడిపారు. మౌలానా ఇచ్చిన వివరణ సారాంశం ఇది: నేను లోకంలో జరుగుతున్న దాన్ని చెప్పాను, అలా జరగాలని సలహా ఇవ్వలేదు.

అరబీ వ్యాకరణం మొదలుపెట్టిన మదర్సా పిల్లవాడికి మొదటి సంవత్సరంలోనే ఒక పాఠం వస్తుంది. వాక్యం రెండు రకాలు. ఒకటి ఖబర్, అంటే ఉన్నదాన్ని తెలిపేది. రెండోది ఇన్షా, అంటే ఆజ్ఞ, కోరిక, విన్నపం వంటిది. "వాన పడుతోంది" అనేది ఖబర్. దాన్ని నిజమో అబద్ధమో తేల్చవచ్చు. "గొడుగు తీసుకెళ్లు" అనేది ఇన్షా. అది నిజమా అబద్ధమా అని అడగడం అర్థం లేని పని. మౌలానా చెప్పింది ఖబర్. పత్రిక చదివినవారు విన్నది ఇన్షా. పైగా ఖౌమ్‌కు బదులు మిల్లత్. ఇద్దరు మహానుభావుల మధ్య కలహం పుట్టడానికి ఇంతే చాలింది.

ఇఖ్బాల్ గొప్పతనం ఇక్కడే కనబడుతుంది. వివరణ చేరిన తర్వాత, ఇక మౌలానాను విమర్శించే హక్కు తనకు లేదని తెలుపుతూ ఆయన రాసిన లేఖ మార్చి నెలాఖరులో అదే 'ఎహ్సాన్' పత్రికలో అచ్చయింది. ఆ తర్వాత నెల తిరగకముందే, 1938 ఏప్రిల్ 21న, ఆయన కన్నుమూశారు.

కానీ లేఖ ఎందరికి చేరింది? ఆయన చనిపోయాక అదే ఏడాది వెలువడిన 'అర్ముగానె హిజాజ్' సంపుటిలో ఆ మూడు ద్విపదలు ఉన్నాయి. ఉపసంహరించుకున్న లేఖ లేదు. కవిత కంఠస్థం అవుతుంది. వివరణ కంఠస్థం కాదు. ఈనాటికీ మన జల్సాల్లో ఆ కవితను చదివేవారు ఉన్నారు. ఆ లేఖ ఉన్నదని తెలిసినవారు ఎందరో మనం వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

సిద్ధాంతం మీది భేదం మాత్రం ఆ లేఖతో ముగియలేదని కూడా చెప్పుకోవాలి. మౌలానా మదనీ ఆ తర్వాత 'ముత్తహిదా ఖౌమియత్ ఔర్ ఇస్లాం' అనే గ్రంథం రాసి తన వాదాన్ని నిలబెట్టారు. దివ్య ఖుర్ఆన్‌లో ప్రవక్తలు తమను తిరస్కరించిన ప్రజలను కూడా తమ ఖౌమ్ అనే సంబోధించారని, మదీనా ఒడంబడికలో మహాప్రవక్త (స) ముస్లింలను, యూదులను ఒకే రాజకీయ సముదాయంగా చేర్చారని ఆయన చూపించారు. ఈ దేశంలో ముస్లింలు, ఇతరులు కలిసి ఒక ఖౌమ్ అని, తమ ధర్మం విషయంలో ఎవరికి వారు స్వతంత్రులని ఆయన వాదం. ఇది ఖబర్ కాదు, ఇన్షాయే. ఆయన దాన్ని దాచుకోలేదు.

ఇక నాయకులు ఏం చేశారో చూద్దాం. ఇఖ్బాల్ 1930 డిసెంబరులో అలహాబాదులో పెద్దగా జనం లేని సభలో వాయవ్య ప్రాంత ముస్లింల రాజ్యం గురించి మాట్లాడారు. పంజాబు, సరిహద్దు రాష్ట్రం, సింధు, బలూచిస్తాన్ ఆయన ప్రస్తావించిన ప్రాంతాలు. బెంగాల్ అందులో లేదు. ఆనాడు దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. సరిగ్గా పదేళ్లు తిరక్కముందే, 1940 మార్చిలో, లాహోరులో ముస్లిం లీగ్ తీర్మానం వచ్చింది. బెంగాల్ ఉన్న తూర్పు ప్రాంతమూ అందులో చేరింది. అదే నెలలో రాంగఢ్ కాంగ్రెసు సభలో అధ్యక్షుడిగా మౌలానా అబుల్ కలాం ఆజాద్ విభజన లేని జాతిని సమర్థించారు. ఒకే గురువు షేఖుల్ హింద్ పాదాల వద్ద చదువుకున్న మౌలానా మదనీ ఒకవైపు, మౌలానా షబ్బీర్ అహ్మద్ ఉస్మానీ మరోవైపు నిలిచారు. 1945-46 ఎన్నికల కాలంలో మౌలానా మదనీ ప్రయాణాల్లో అల్లరిమూకల అవమానాలు భరించారు. ఆయన మీద చేయి ఎత్తినవారిలో ఎందరు ఆయన పుస్తకం చదివి ఉంటారు? ఆ ఎన్నికల్లో ఆస్తి, చదువు వంటి అర్హతలు ఉన్నవారికే ఓటు ఉండేది. ఓటు లేని కోట్లాది పేదలు మాత్రం ఫలితాన్ని 1947లో తమ ఇళ్ల మీద, తమ బిడ్డల మీద అనుభవించారు.

ఇదంతా ఉత్తరాది సంగతి, మనకు సంబంధం ఏమిటని ఎవరైనా అనవచ్చు. అదే కాలంలో మన హైదరాబాదులో జరిగింది గుర్తు చేసుకుందాం. నవాబ్ బహదూర్ యార్ జంగ్ మహావక్త. ఈ సంస్థానంలో అధికారం నిజాం నవాబుదే కాక ముస్లిం సముదాయానిది కూడా అన్న భావం ఆయన వాక్చాతుర్యంతో 'అనల్ మాలిక్' అనే రెండు మాటల్లోకి వచ్చింది. నేనే పాలకుణ్ణి అని దాని అర్థం. సంస్థానం జనాభాలో ముస్లింలు నూటికి 15 మంది కన్నా తక్కువ. వారిలోనూ రిక్షా లాగేవారు, నేత పని చేసేవారు, చిన్న రైతులు ఎక్కువ. మాలిక్ అనిపించుకోవడం తప్ప వారికి ఆ పాలనలో దక్కింది ఏమీ లేదు. నవాబుగారు 1944లో మరణించారు. ఆ మాట మాత్రం మరణించలేదు. అది కాసిం రజ్వీ చేతికి వెళ్లింది. రజాకార్ల తుపాకీ అయింది. తెలంగాణ పల్లెల్లో ఏం జరిగిందో మన పెద్దలకు తెలుసు.

దానికి ఎదురు నిలిచినవారూ మనలోనే ఉన్నారు. 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ హైదరాబాదు భారతదేశంలో కలవాలని, రజాకార్ల దౌర్జన్యం ఆగాలని రాశారు. ముప్పై ఏళ్లు నిండని యువకుడు. 1948 ఆగస్టు 21 రాత్రి ఇంటికి వెళుతుండగా ఆయన్ను కాల్చి, రాసిన చేతిని నరికారు. ఆ చేయి చెప్పిన మాటను అప్పుడే విని ఉంటే! నెల తిరగకముందే, సెప్టెంబరు 13న, భారత సైన్యం వచ్చింది. అయిదు రోజుల్లో అంతా ముగిసింది. ఆ తర్వాత పల్లెల్లో ముస్లింల మీద జరిగిన హింసను విచారించడానికి పండిట్ సుందర్‌లాల్, 'పయామ్' పత్రిక పూర్వ సంపాదకుడు ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్ తదితరులతో ప్రభుత్వం పంపిన బృందం 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువగా దెబ్బతిన్నాయి. ఆ నివేదిక దశాబ్దాల పాటు ప్రజల ముందుకు రాలేదు. చనిపోయినవారిలో ఎక్కువ మంది ఏ నినాదమూ తయారు చేసినవారు కాదు. నినాదం ఒకరిది, మూల్యం మరొకరిది.

ఇందులో మేధావుల దోషం ఎంత? ఇఖ్బాల్‌ను గానీ, మదనీని గానీ ఎవరి రక్తానికీ బాధ్యులుగా నిలబెట్టడం అన్యాయం. ఇద్దరూ అల్లాహ్‌కు భయపడి మాట్లాడినవారు. నిజానికి ఇద్దరి మాటల్లో సగమే మన వరకు చేరింది. నేలను దైవంగా చేసుకోవద్దన్న ఇఖ్బాల్ హెచ్చరిక ఎంత నిజమో 1939లో మొదలైన ప్రపంచ యుద్ధం రుజువు చేసింది. ఆయన మాటలోంచి నాయకులు తీసుకున్నది మాత్రం మరో సరిహద్దు రేఖ. మదనీ మాటలో ఒడంబడిక ఉంది. ఒడంబడిక అంటే రెండువైపులా బాధ్యత. కలిసి బతకమని ముస్లింలకు చెప్పే భాగాన్ని అందరూ ఉదాహరిస్తారు. వారి ధర్మానికి, భాషకు, వ్యక్తిగత చట్టానికి హామీ ఉండాలన్న భాగాన్ని గుర్తు చేసేవారు తక్కువ.

అయినా కలం పట్టినవారికి ఒక బాధ్యత ఉంది. మాట తీయగా ఉండటం వేరు, తూకంగా ఉండటం వేరు. తన మాట అతి తక్కువ తెలివిగలవాడి చేతిలో, అతి ఎక్కువ కోపంగా ఉన్న రోజున ఏమవుతుందో ఊహించుకుని మాట్లాడటం ఆలిమ్‌కు తఖ్వాలో భాగం. పొరపాటని తెలిసినప్పుడు, ఇఖ్బాల్ వలె, అందరి ముందు అన్నదాన్ని అందరి ముందే వెనక్కి తీసుకోవడం దాని రెండో భాగం.

పాఠకులకు ఉన్న బాధ్యత ఇంతకన్నా తక్కువది కాదు. 1938లో తప్పు వార్త ఢిల్లీ నుంచి లాహోరుకు చేరడానికి పత్రిక కావాలి, రైలు కావాలి. నేడు సెల్‌ఫోన్ మీద వేలు ఆనితే చాలు. ఒక ఆలిమ్ గంటసేపు చేసిన బయాన్‌లోంచి అరనిమిషం ముక్క కోసి వాట్సాప్‌లో పంపుతారు. చూసినవారు ఆవేశపడి పదిమందికి పంపుతారు. దుర్మార్గుడు (ఫాసిఖ్) వార్త తెస్తే విచారించుకోండని, లేకుంటే అజ్ఞానంలో ఒక జాతికి హాని చేసి తర్వాత పశ్చాత్తాపపడవలసి వస్తుందని హుజురాత్ సూరాలో అల్లాహ్ మనల్ని హెచ్చరించాడు. ఇక్కడ కూడా ఉన్న పదం ఖౌమ్ అన్నది గమనార్హం.

కాబట్టి ఏ మేధావి మాట, ఏ నాయకుని మాట మన ముందుకు వచ్చినా మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఇది ఆయన పూర్తి మాటేనా, కోసిన ముక్కా? ఇది ఉన్నదాన్ని చెప్పడమా, చేయమని చెప్పడమా? ఈ మాట నిజమైతే దాని మూల్యం ఎవరు చెల్లిస్తారు, చెప్పినవాడా, విన్నవాడా, దీనితో సంబంధం లేని పేదవాడా? ఈ మూడో ప్రశ్నకు జవాబు దొరకనిదే ఏ జెండా కిందా నిలబడకూడదు. ఈ ప్రశ్నలు మన ఇళ్లలో, దస్తర్‌ఖాన్ దగ్గర, పిల్లల ముందు వేసుకోవాలి. అమ్మలు, నాన్నలు అడగడం చూసిన పిల్లలే రేపు అడగగలుగుతారు.

మళ్లీ ఆ అబ్బాయి దగ్గరికి వద్దాం. "బేటా, నువ్వు ముందు మీ అమ్మ కొడుకువా, ముందు మీ ఊరివాడివా?" అని అడిగాం. వాడు కొంచెంసేపు ఆలోచించి, "రెండూనూ. అది వేరు, ఇది వేరు" అన్నాడు. అంతే. ఖౌమ్, మిల్లత్ అనే రెండు మాటలను కలిపేసి, ఒకదాన్ని ఎంచుకోమనడమే ఆ ప్రశ్నలోని మోసం. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, నమాజులో అరబీ పఠిస్తూ, పొరుగువాని పెళ్లిలో పందిరి గుంజ పట్టుకునే మన కుటుంబాలు తరతరాలుగా ఆ జవాబును బతికి చూపుతున్నాయి. మాటల్లో చెప్పడమే మనం పిల్లలకు నేర్పలేదు.

మన ఉలమాకు తూకమైన మాటను, మన నాయకులకు ఆ మాటను వంచని నిజాయితీని, మనకు విని విచారించే ఓర్పును అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.